నలుగురూ ఏమనుకుంటారు

కండోమ్ వాడితే హెచ్‌ఐవీ సోకే ప్రమాదం తగ్గుతుందన్న సంగతి మన దేశంలో ఎంతమందికి తెలుసు? 2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య మగవాళ్ళలో నూటికి 82 మందికి, ఆడవాళ్ళలో 68 మందికి తెలుసు. పెళ్ళయిన జంటల్లో కండోమ్ వాడేవాళ్ళెందరని కూడా అదే సర్వే ఆరా తీసింది. దేశం మొత్తం మీద నూటికి పదిమంది కూడా తేలలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఒక శాతం కూడా లేదు. ఈ రెండో లెక్క ప్రధానంగా గర్భనిరోధానికి సంబంధించింది, రోగరక్షణకు కాదు. అయినా అంత తెలిసినచోట వాడకం ఇంత తక్కువగా ఉండటం మనల్ని ఆలోచింపజేయాలి.

యువత రక్షణ తీసుకోకపోతే మనం వెంటనే అనే మాట, 'వాళ్ళకి అవగాహన లేదు' అని. అవగాహన అవసరమే. కాని నలభై ఏళ్ళుగా ప్రపంచంలో జరిగిన పరిశోధన మరో సంగతి చెబుతోంది. రక్షణ గురించి ఒక కుర్రవాడికో అమ్మాయికో ఉండే అభిప్రాయం పాఠ్యపుస్తకంలో పుట్టదు. ఇంట్లోవాళ్ళ మౌనం, స్నేహితుల మాటలు, మందుల దుకాణంలో ఎదురయ్యే చూపు, ప్రేమించిన మనిషి ఏమనుకుంటారోనన్న భయం, ఇవన్నీ కలిసి దాన్ని తయారుచేస్తాయి.

తప్పు రబ్బరుది కాదు

ముందుగా వస్తువు సంగతి చూద్దాం. హెచ్‌ఐవీ వైరస్ వ్యాసం సుమారు 100 నుంచి 120 నానోమీటర్లు. చెక్కుచెదరని లేటెక్స్ పొరను అది దాటలేదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని స్త్రీపురుష జంటల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ప్రతిసారీ కండోమ్ వాడిన జంటల్లో వైరస్ సోకడం దాదాపు 80 శాతం తగ్గిందని తేలింది. గనేరియా, క్లమీడియా లాంటి వాటి నుంచి కూడా మంచి రక్షణే ఉంది. చర్మం నుంచి చర్మానికి అంటుకునే హెర్పిస్, హెచ్‌పీవీ లాంటి వాటి విషయంలో పొర కప్పినంత మేరకే రక్షణ, కాబట్టి అక్కడ కొంత తక్కువ.

గర్భనిరోధం లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఏడాదిపాటు ప్రతిసారీ, సరైన పద్ధతిలో వాడిన నూరు జంటల్లో గర్భం వచ్చేది రెండింటిలోనే. జనం మామూలుగా వాడే తీరులో అది 13కి చేరుతుంది. రెండుకీ పదమూడుకీ మధ్య ఉన్న ఆ పదకొండు జంటల విషయంలో తప్పు రబ్బరుది కాదు. ఆ సమయానికి దగ్గర లేకపోవడం, ఉన్నా బయటికి తీయడానికి మొహమాటపడటం, వాడమని అడగలేకపోవడం, 'ఈ ఒక్కసారికీ ఏమౌతుందిలే' అనుకోవడం, వీటి ఫలితమే ఆ తేడా. వస్తువు శాస్త్రం దగ్గర సమస్య చిన్నది. మనిషి శాస్త్రం దగ్గరే అది పెద్దదవుతుంది.

నిర్ణయంలో మూడు పాళ్ళు

ఐజెక్ అజెన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ప్రతిపాదించి, 1991లో విస్తరించి రాసిన ఒక సిద్ధాంతం ఆరోగ్య పరిశోధనలో బాగా వాడుకలో ఉంది. మనిషి ఒక పని చేయాలనుకోవడం వెనక మూడు ప్రశ్నలుంటాయని దాని సారాంశం. ఈ పని మంచిదేనా? నాకు ముఖ్యమైనవాళ్ళు దీన్ని ఒప్పుకుంటారా? ఇది నా చేతనవుతుందా? కండోమ్ వాడకం మీద జరిగిన వందలాది అధ్యయనాల్లో ఈ మూడూ పనిచేస్తున్నట్టు కనబడింది.

మన ఊళ్ళో పరిస్థితికి అన్వయించి చూడండి. డిగ్రీ చదివే ఓ ఇరవయ్యేళ్ళ కుర్రవాడు మందుల దుకాణానికి వెళ్ళాడు. కౌంటర్ దగ్గర నలుగురున్నారు. షాపాయన నాన్నకు తెలిసినవాడు. కుర్రవాడు వాళ్ళు వెళ్ళేదాకా ఆగుతాడు, లేదా తలనొప్పి మాత్ర కొనుక్కుని వచ్చేస్తాడు. ధైర్యం చేసి అడిగితే ప్యాకెట్టును న్యూస్‌పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తారు. అమ్మాయిలకు శానిటరీ ప్యాడ్లు ఇచ్చేదీ అలాగే. ఆ చుట్టడం మర్యాద కోసమే కావచ్చు, కాని అందులో ఒక తీర్పు ఉంది: ఇది దాచుకోవలసిన పని. 'మంచిదే' అన్న మొదటి జవాబు కుర్రవాడి దగ్గర ఉంది. మిగతా రెండు జవాబులనూ ఆ కౌంటర్ తీసేసుకుంది. ఇరవయ్యేళ్ళ అమ్మాయి అదే దుకాణానికి వెళ్తే ఏమవుతుందో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

268 అధ్యయనాలు, ఒకే కథ

2006లో సిసిలీ మార్‌స్టన్, ఎలినార్ కింగ్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక సమీక్ష ప్రచురించారు. 1990 నుంచి 2004 వరకు ప్రపంచంలోని అనేక దేశాల్లో యువతీయువకులతో వివరంగా మాట్లాడి చేసిన 268 అధ్యయనాలను వాళ్ళు చదివారు. భాషలు, మతాలు, ఆదాయాలు ఎంత వేరైనా కొన్ని సంగతులు దాదాపు అన్నిచోట్లా ఎదురయ్యాయి.

అందులో మొదటిది, ఎదుటి మనిషి 'మంచివాళ్ళా, కాదా' అన్నది చూసి అంచనా వేయడం. శుభ్రంగా ఉన్నాడు, మంచి కుటుంబం, తెలిసినవాడు, కాబట్టి రోగం ఉండదు అనుకుంటారు. వైరస్‌కు వంశం, వేషం తెలియవు. హెచ్‌ఐవీ సోకిన మనిషి ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా ఆరోగ్యంగా కనబడవచ్చు. అయినా అంచనా వేసేది కళ్ళే.

రెండోది మరింత లోతైనది. కండోమ్ అంటే అపనమ్మకానికి గుర్తు అన్న భావన. వాడదామని అడిగితే 'నా మీద అనుమానమా?' అన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకే 'నీకేమైనా ఉందా?' అన్నది కూడా. అందుకే కొత్త పరిచయంలో కొంతకాలం వాడినవాళ్ళు, ప్రేమ గట్టిపడిందనుకోగానే మానేయడం చాలా దేశాల్లో కనబడింది. పరీక్ష చేయించుకుని కాదు, నమ్మకం కుదిరిందని. ప్రేమను నిరూపించుకోవడానికి రక్షణను వదులుకోవడమే ఇక్కడి విషాదం.

మూడోది ఆడ, మగ తేడా. కండోమ్ దగ్గర పెట్టుకున్న అబ్బాయిని జాగ్రత్తపరుడని మెచ్చుకునే లోకం, అమ్మాయి సంచిలో అదే కనబడితే శీలాన్ని శంకిస్తుంది. ముందుచూపు ఉన్నట్టు కనబడటమే ఆమెకు నేరమవుతుంది. ఏమీ తెలియనట్టు, అంతా అనుకోకుండా జరిగినట్టు ఉంటేనే పరువు దక్కుతుంది. అనుకోకుండా జరిగేదానికి ఎవరూ ముందు సిద్ధపడి ఉండరు. మన కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భనిరోధం ఆడవాళ్ళ పని, మగవాళ్ళు పట్టించుకోనక్కర్లేదని ఒప్పుకున్న మగవాళ్ళు నూటికి 35 మంది. అంటే బాధ్యతను ఆమె మీద వేసి, ఆ బాధ్యత తీసుకున్నందుకు మళ్ళీ ఆమెనే అనుమానించే పరిస్థితి.

మన ఇళ్ళలో కండోమ్ కనబడని కారణం

తెలుగు నేలకు తనదైన చరిత్ర కూడా ఉంది. 1966లో కేంద్ర ప్రభుత్వం హిందుస్థాన్ లేటెక్స్ సంస్థను నెలకొల్పింది. 1968లో నిరోధ్ కండోమ్‌లను రాయితీ ధరకు దేశమంతా అమ్మడం మొదలుపెట్టింది. టీపొడి, సబ్బులు అమ్మే కంపెనీల పంపిణీ బలగాన్ని అందుకు వాడుకుంది. అయినా మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్ అన్నదే స్థిరపడింది. ఇద్దరు పిల్లలు పుట్టగానే తల్లికి ఆపరేషన్, అదీ సాధారణంగా పాతికేళ్ళు నిండకుండానే. 2019–21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి సుమారు డెబ్బైమంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే.

దీని ఫలితం తర్వాతి తరం మీద పడింది. మన పిల్లలు పెరిగిన ఇళ్ళలో కండోమ్ అనే వస్తువు సంసారంలో భాగంగా ఎప్పుడూ లేదు. అమ్మానాన్నల బీరువాలో పొరపాటున కనబడి ప్రశ్న పుట్టించే అవకాశమూ లేదు. భార్యాభర్తలు కలిసి తీసుకునే ఒక మామూలు జాగ్రత్తగా దాన్ని చూసే వీలే వాళ్ళకు దక్కలేదు.

మరి ఎలా పరిచయమైంది? ఎయిడ్స్ ద్వారా. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను గుర్తించారు. ఆ రక్త నమూనాలు సెక్స్ వర్కర్లవి. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటైంది. 2000 దశకం మొదట్లో గోడల మీదా హోర్డింగుల మీదా 'పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?' అన్న ప్రచార ప్రశ్న వెలిసి, ఊరూరా చర్చ లేపింది. సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్ల మధ్య స్వచ్ఛంద సంస్థలు పనిచేశాయి. సెక్స్ వర్కర్లే తోటివాళ్ళకు చెప్పే కార్యకర్తలై నిలబడ్డారు. తర్వాతి ఏళ్ళలో హెచ్‌ఐవీ వ్యాప్తి తగ్గడం వెనక ఈ కృషి ఉంది. ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

కాని ఆ విజయంతో పాటే ఒక ముద్ర కూడా పడింది. కండోమ్ అంటే 'అలాంటివాళ్ళు' వాడేది, 'అలాంటి చోట్లకు' వెళ్ళేవాళ్ళకు కావలసింది. ఇంట్లో ఎప్పుడూ చూడని వస్తువు బయట చెడ్డపేరుతో ఎదురైతే, మంచి పిల్లలుగా పెరిగినవాళ్ళు దాన్ని తమదనుకోరు. 2008లో బీబీసీ వరల్డ్ సర్వీస్ ట్రస్ట్ కండోమ్ మాటనే పాటగా చేసి సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌గా విడుదల చేసిందంటే, ఉద్దేశం ఆ ముద్రను చెరపడమే. ఆంధ్రప్రదేశ్‌తో పాటు మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడులు ఆ ప్రచారానికి ప్రధాన క్షేత్రాలు. మరోవైపు 2017 డిసెంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు టీవీల్లో కండోమ్ ప్రకటనలు వేయవద్దని ఛానెళ్ళకు సూచించింది.

స్నేహితుల గురించి మనకున్న తప్పుడు లెక్క

కుర్రతనంలో స్నేహితుల మాట ఎంత బలమైందో ప్రయోగాలు చెబుతాయి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కొందరితో కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు కుర్రవాళ్ళకూ పెద్దవాళ్ళకూ తెగింపులో తేడా పెద్దగా లేదు. పక్కన తోటివాళ్ళున్నప్పుడు మాత్రం కుర్రవాళ్ళ తెగింపు బాగా పెరిగింది, పెద్దవాళ్ళది పెరగలేదు.

విచిత్రమేమంటే తోటివాళ్ళ గురించి మన అంచనా తరచూ తప్పు. 1993లో డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ అమెరికాలోని ప్రిన్స్‌టన్ విద్యార్థులను మద్యం గురించి అడిగారు. లోలోపల చాలామందికి ఆ తాగుడు ఇబ్బందిగానే ఉంది. మిగతావాళ్ళకు మాత్రం ఏ ఇబ్బందీ లేదని ఒక్కొక్కరూ నమ్మారు. అందరూ లోపల ఒకటి అనుకుంటూ, బయట మరొకటి నటిస్తూ, ఎదుటివాడి నటనను నిజమనుకున్నారు. లైంగిక విషయాల్లో ఇది మరింత తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే అక్కడ నిజం చెప్పేవాళ్ళు తక్కువ, గొప్పలు చెప్పేవాళ్ళు ఎక్కువ. హాస్టల్ గదిలో రాత్రిళ్ళు నడిచే కబుర్లలో 'నాకు భయమేసింది, జాగ్రత్త తీసుకున్నాను' అన్న మాట వినబడదు. అందుకే జాగ్రత్తపడేవాడు తానొక్కడే పిరికివాడినని అనుకుంటాడు.

ఈ బలాన్నే మంచికి వాడుకోవచ్చని జెఫ్రీ కెల్లీ బృందం చూపించింది. అమెరికా దక్షిణాదిలోని ఒక చిన్న పట్టణంలో స్వలింగ సంపర్కులు కలుసుకునే బార్లను వాళ్ళు ఎంచుకున్నారు. అందరూ ఇష్టపడే మనుషులెవరో బార్లో పనిచేసేవాళ్ళనే అడిగి తెలుసుకుని, వాళ్ళకు శిక్షణ ఇచ్చారు. ఉపన్యాసాలేమీ లేవు. స్నేహితులతో మామూలు మాటల మధ్య 'నేనైతే రక్షణ వాడతాను' అని చెప్పడమే వాళ్ళ పని. కొన్ని నెలల్లోనే పట్టణంలో రక్షణ లేని సంపర్కం చెప్పుకోదగ్గంత తగ్గింది. ఆ ఫలితాలు 1991లో వెలువడ్డాయి. కరపత్రం చేయలేని పనిని నచ్చిన మనిషి మాట చేసింది.

ఒట్టు పెట్టుకున్నవాళ్ళు

సామాజిక ప్రభావం రెండు వైపులా పదునున్నదని చెప్పడానికి అమెరికాలోని మరో అనుభవం ఉంది. 1993 నుంచి అక్కడ లక్షలాది కౌమారులు పెళ్ళిదాకా సంపర్కానికి దూరంగా ఉంటామని చర్చిల ప్రోత్సాహంతో ప్రతిజ్ఞ చేశారు. పీటర్ బేర్‌మన్, హానా బ్రుక్‌నర్ ఒక పెద్ద జాతీయ సర్వే సాయంతో వాళ్ళను ఏళ్ళపాటు గమనించారు. 2001లో ప్రచురించిన ఫలితాల్లో ప్రతిజ్ఞ చేసినవాళ్ళు సగటున ఏడాదిన్నర ఆలస్యంగా లైంగిక జీవితం మొదలుపెట్టారు. ఇది నిజమైన ప్రభావం. అయితే బడిలో ప్రతిజ్ఞ చేసినవాళ్ళు కొద్దిమందే ఉన్నప్పుడు, అది వాళ్ళకొక ప్రత్యేక గుర్తింపుగా ఉన్నప్పుడు మాత్రమే ఇది పనిచేసింది. అందరూ చేసినచోట ఆ బలం పోయింది.

అసలు నష్టం 2005 నాటి ఫలితాల్లో బయటపడింది. ప్రతిజ్ఞ దాటినవాళ్ళు మొదటిసారి కండోమ్ వాడే అవకాశం మిగతావాళ్ళకంటే తక్కువ. పరీక్ష చేయించుకున్నవాళ్ళూ తక్కువే. చివరికి సుఖవ్యాధుల రేటు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే. కారణం ఊహించవచ్చు. ప్రతిజ్ఞ చేసిన పిల్లవాడు కండోమ్ కొన్నాడంటే మాట తప్పే ఉద్దేశం ఉందని ఒప్పుకున్నట్టే. సంయమనం మంచి విలువే. అది సిగ్గుతో ముడిపడి, జాగ్రత్తనే నేరంగా చూపించినప్పుడు పిల్లలకు గొడుగు లేకుండా పోతుంది.

బడి చెప్పినవి, చెప్పనివి

2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమాన్ని బడుల్లో ప్రవేశపెట్టింది. 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు దాన్ని నిలిపేశాయి. పిల్లలు చెడిపోతారన్నది ప్రధాన అభ్యంతరం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దని సిఫార్సు చేసింది. తల్లిదండ్రుల భయాన్ని గౌరవించి మాట్లాడాలి. ఆ భయం పరీక్షకు నిలుస్తుందా అన్నది మాత్రం తేలిన విషయం. డగ్లస్ కర్బీ బృందం 2007లో ప్రపంచవ్యాప్తంగా 83 కార్యక్రమాల మూల్యాంకనాలను పరిశీలించింది. లైంగిక విద్య పిల్లల్ని తొందరపెట్టిందన్న అనుమానం నిలవలేదు. వాటిలో మూడింట రెండు వంతుల కార్యక్రమాలు కనీసం ఒక ప్రవర్తననైనా మెరుగుపరిచాయి.

ఏం చెబుతున్నామన్నదీ ముఖ్యమే. ఆర్థికవేత్త పాస్కలిన్ ద్యుపా పశ్చిమ కెన్యా బడుల్లో చేసిన ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. పెళ్ళిదాకా ఆగండి అని చెప్పే ప్రభుత్వ పాఠం వల్ల అమ్మాయిల్లో గర్భాలు తగ్గలేదు. మరికొన్ని బడుల్లో ఒక చిన్న సంగతి చెప్పారు: అక్కడ వయసులో పెద్దవాళ్ళయిన మగవాళ్ళలోనే హెచ్‌ఐవీ ఎక్కువ. ఆ ఒక్క పాఠంతో ఏడాదిలో గర్భాలు 28 శాతం తగ్గాయి. డబ్బూ హోదా ఉన్న పెద్ద వయసు మగవాడి ముందు అమ్మాయి నోరు పెగలదు. తన ఈడువాడితో ఆమె మాట కాస్తయినా చెల్లుతుంది. ఆ అమ్మాయిల జీవితాల్లో నిజంగా ఉన్న ఒత్తిడిని ఆ పాఠం గుర్తించింది.

నలుగురూ మారితే

నలుగురి తీరు మారుతుందా అంటే థాయ్‌లాండ్ చూడాలి. 1989లో అక్కడి రాట్చబురి ప్రావిన్స్‌లో డాక్టర్ వివాట్ రోజనపిథయకోర్న్ ఒక పద్ధతి మొదలుపెట్టారు. కండోమ్ లేకుండా ఏ వేశ్యాగృహంలోనూ సేవ ఉండకూడదు. ఒక్కచోట కాదన్నా మరోచోట దొరుకుతుందన్న ఆశ విటుడికి లేకపోవాలంటే నియమం అన్నిచోట్లా ఒకటిగా ఉండాలి. 1991లో అది దేశమంతటికీ విస్తరించింది. మెచై వీరవైద్య అనే ప్రజానాయకుడు కండోమ్ గురించి నవ్వుతూ, నవ్విస్తూ బహిరంగంగా మాట్లాడి సిగ్గును కరిగించారు. వాణిజ్య సంపర్కంలో కండోమ్ వాడకం 1989లో 14 శాతం. 1992 దాటేసరికి 90 శాతం పైన. సైన్యంలో చేరిన ఇరవై ఒకటేళ్ళ కుర్రవాళ్ళలో హెచ్‌ఐవీ 1993లో 4 శాతానికి చేరి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆ పద్ధతిలో పోలీసుల ప్రమేయం స్త్రీల హక్కులకు భంగం కలిగించిందన్న విమర్శ న్యాయమైనదే. అయినా ముఖ్యమైన పాఠం మిగిలింది. ఒంటరిగా ఒక్కో అమ్మాయి బతిమాలుకోవలసిన పని, అందరి ఆచారమైనప్పుడు బతిమాలనక్కర్లేని పనిగా మారింది.

గెలిచినది నిలబెట్టుకోకపోతే జారిపోతుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2024లో ప్రకటించిన లెక్కల ప్రకారం, లైంగిక అనుభవం ఉన్న పదిహేనేళ్ళ పిల్లల్లో చివరిసారి కండోమ్ వాడామన్న అబ్బాయిలు 2014లో 70 శాతం, 2022లో 61. అమ్మాయిల్లో 63 నుంచి 57కి తగ్గింది. పుస్తకాలు, దుకాణాలు, డబ్బు అన్నీ ఉన్న దేశాల్లోనే ఇది. ప్రతి తరానికీ మళ్ళీ చెప్పాలి.

మన దగ్గర చెప్పేవాళ్ళు లేకపోలేదు. విజయవాడలో నాస్తికోద్యమకారుడు గోరా గారి కుమారుడు డాక్టర్ సమరం దశాబ్దాలపాటు పత్రికల్లో పాఠకుల సందేహాలకు మొహమాటం లేకుండా జవాబులు రాశారు. మన కుటుంబాల్లోనూ మాట్లాడే దారులున్నాయి. అమ్మతో అనలేనిది వదినతో అనవచ్చు. నాన్నను అడగలేనిది బావను అడగవచ్చు. మేనత్తలు, పిన్నులు, బాబాయిలు పెళ్ళికి ముందు చెవిలో చెప్పే మాటలు మనకు కొత్త కావు. ఇప్పటిదాకా ఆ దారిలో వేళాకోళం నడిచింది. అదే దారిలో నిజం కూడా నడవాలి. పెళ్ళిదాకా ఆగకుండా, అవసరం వచ్చేలోపే నడవాలి.

అక్కడ చెప్పవలసిన నిజం చిన్నదే. ఎదుటివాళ్ళను చూసి రోగం పోల్చలేం. రక్షణ అడగడం అనుమానం కాదు, ఇద్దరి ఆరోగ్యం మీదా ఉన్న పట్టింపు. వద్దు అనడం కూడా రక్షణే, దానికి కారణం చెప్పుకోనక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (సలహా, పరీక్ష) కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు డాక్టరును కలిస్తే సోకకుండా ఆపే మందులున్నాయి. ఎవరినీ అడగలేనివాళ్ళకు 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు ఉంది.

పిల్లలు జంకేది వైరస్‌కు కాదు, నలుగురికి. ఆ నలుగురూ మనమే: దుకాణంలో ప్యాకెట్టును పేపర్లో చుట్టేవాళ్ళం, లైంగిక విద్య పాఠం దాటవేసే మాస్టార్లం, టీవీలో ప్రకటన రాగానే ఛానెల్ మార్చే అమ్మానాన్నలం, పెళ్ళి కాని అమ్మాయి సందేహం అడిగితే ముందు ఆమె నడవడిక ఆరా తీసే డాక్టర్లం. యువత ప్రవర్తన మార్చడానికి కార్యక్రమాలు వేసేముందు మన ప్రవర్తన మారాలి. ఇది నీతి మాట మాత్రమే కాదు. ఇన్ని దేశాల్లో, ఇన్నేళ్ళుగా జరిగిన పరిశోధన తేల్చిన ఫలితం కూడా ఇదే.